మూలకర్త వద్దన్నా వచ్చిన ‘వాచ్‌మెన్’ కొత్త కథలు చదవచ్చా?

‘వాచ్‌మెన్’ అనే సూపర్‌హీరో కామిక్ రాసిన అలన్ మూర్ వద్దు మొర్రో అంటున్నా, దాన్ని ప్రచురించిన అమెరికన్ కంపెనీ డీసీ కామిక్స్ దానికి ముందు కథలు, తరువాతి కథలు వరసగా తెచ్చింది కదా, పాత్రలు కంపెనీవే అయినప్పుడు అభిమానులకి ఇంత బాధ ఎందుకు, అవి చదివితే తప్పా అని అడిగారు. నా జవాబు ముందే చెప్పేస్తాను. చదవడం తప్పు కాదు. తేవడం మాత్రం తప్పే. డీసీకి చట్టప్రకారం హక్కు ఉందన్నదాంట్లో నాకు ఏ సందేహమూ లేదు. ‘హక్కు ఉంది కదా’ అనగానే చర్చ అయిపోయినట్టు చాలామంది లేచి వెళ్లిపోతారు, నాకు అదే నచ్చదు.

ముందు కాంట్రాక్ట్ సంగతి. గొడవంతా అక్కడే మొదలైంది. వాచ్‌మెన్ 1986-87లో 12 సంచికలుగా వచ్చింది. రచన మూర్‌ది, బొమ్మలు డేవ్ గిబ్బన్స్‌వి, రంగులు జాన్ హిగ్గిన్స్‌వి. పుస్తకం ముద్రణలో లేకుండా పోతే హక్కులు మూర్‌కీ గిబ్బన్స్‌కీ తిరిగి రావాలని ఒప్పందంలో ఉంది. అప్పట్లో అమెరికాలో కామిక్ అంటే నెలకో సంచిక వచ్చి, అమ్ముడై, మాయమైపోయేది. పాతవి కావాలంటే సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కోవాల్సిందే. కాబట్టి కొద్దికాలానికే పాత్రలు తమ చేతికి వస్తాయని ఇద్దరూ నమ్మారు. కానీ 1987లో 12 సంచికలనీ కలిపి ఒకే పుస్తకంగా వేశారు. అది ఈ రోజుకీ ముద్రణలోనే ఉంది. కామిక్స్ కూడా నవలల్లా పుస్తకాల షాపులో ఏళ్ల తరబడి నిలబడగలవని లోకానికి చూపించిన పుస్తకాల్లో వాచ్‌మెన్ ఒకటి. దాని గెలుపే దాని కర్తల చేతులు కట్టేసింది. ఇందులో డీసీ కాంట్రాక్ట్‌ని మీరింది ఏమీ లేదు. సంతకం పెట్టినప్పుడు రెండు పక్షాలకీ అర్థమైన మాట ఒకటి, తరువాత జరిగింది ఒకటి. ఆ తేడా తెలిశాక కంపెనీ వచ్చి సరిచేయచ్చు. చేయలేదు. 2010లో మూర్ ఒక ఇంటర్వ్యూలో ఇంకో సంగతి చెప్పాడు. ముందు కథలు, తరువాతి కథలు తీసుకోవడానికి ఒప్పుకుంటే హక్కులు తిరిగి ఇస్తామని డీసీ కబురు పంపిందట. ఆయన వద్దన్నాడు. పదేళ్ల ముందు డీసీ ఆ మాట అని ఉంటే ఏమో గానీ, ఇప్పుడు ఆ షరతు మీద వద్దు అన్నాడు.

కామిక్స్‌లో పాత్రలు కంపెనీవి కావడం కొత్తేమీ కాదు. 1938లో జెర్రీ సీగల్, జో షుస్టర్ సూపర్‌మ్యాన్‌ని 130 డాలర్లకి అమ్ముకున్నారు. ఆ కథ తెలిసినవాళ్లకి మూర్ కథ పెద్ద వింత అనిపించదు. అందుకే మీలాగే చాలామంది ‘ఈ రంగమే అంత కదా’ అంటారు.

నేను దీన్ని కొంచెం దగ్గర నుంచి చూశాను. కొన్నేళ్లు ఒక పిల్లల పత్రికకి బొమ్మల కథలు గీశాను. అందులో మల్లిక అనే పిల్ల నాది. చెరువు దాటించే పడవ వాడి కూతురు. ఎప్పుడూ అబద్ధం ఆడదు, కానీ నిజం చెప్పకుండా తప్పించుకోవడంలో దిట్ట. నేను సంతకం పెట్టిన కాగితంలో పేజీకి ఇచ్చే డబ్బుతో పాటు అన్ని హక్కులూ పత్రికవే అని స్పష్టంగా ఉంది. చదివే పెట్టాను. నేను మానేశాక ఆ పని ఒక కుర్రాడికి ఇచ్చారు. అతను నాకు ఫోన్ చేశాడు. “అక్కా, మల్లికని నాకిచ్చారు, గీయమంటారా?” అన్నాడు. పత్రిక వాళ్లెవరూ అడగలేదు, అడగాల్సిన అవసరం వాళ్లకి లేదు. ఆ ఒక్క ఫోన్‌తో నాకు ఎంత తేలికైందో చెప్పలేను. హాయిగా గీయమన్నాను, అబద్ధం మాత్రం ఆడించొద్దన్నాను. అతను ఉన్నంతకాలం ఆడించలేదు. తరువాత చేతులు మారాయి. ఒక సంచికలో మల్లిక నవ్వు కోసం నేరుగా అబద్ధం చెప్పేసింది. ఆ పేజీ చూసి నేను పడ్డ బాధ డబ్బుది కాదు, హక్కులదీ కాదు. ఆ పిల్ల అలా మాట్లాడదు, అంతే.

ఈ సంగతి హైదరాబాద్‌లో కామిక్స్ చదివే మా స్నేహితుల మధ్య చెప్పినప్పుడు, ఒక ఫ్రెండ్ అన్న మాట నాకు వాచ్‌మెన్ గొడవని విడమరిచింది. “నీ మల్లిక నెలనెలా వచ్చే పాత్ర. నువ్వు కాకపోతే ఇంకొకరు గీస్తారని నీకు ముందే తెలుసు. వాచ్‌మెన్ అలా కాదు, అది అయిపోయిన కథ” అన్నాడు. అక్కడే ఉంది అసలు కిటుకు.

ఈ పాత్రలు ఎలా పుట్టాయో చూడండి. డీసీ 1980ల్లో చార్ల్‌టన్ అనే కంపెనీ నుంచి కొన్ని పాత్రలని కొన్నది. కెప్టెన్ ఆటమ్, బ్లూ బీటిల్, క్వశ్చన్, పీస్‌మేకర్ లాంటివాళ్లు. మూర్ మొదట రాయాలనుకున్నది వాళ్ల మీదే. ఎడిటర్ డిక్ జోర్డానో ఒప్పుకోలేదు. ఆ కథ నడిస్తే వాళ్లలో కొందరు చచ్చిపోతారు, మిగిలినవాళ్లు ఇంకెందుకూ పనికిరాకుండా పోతారు, డబ్బు పెట్టి కొన్న పాత్రలు పాడవుతాయి అన్నది ఆయన భయం. ఎడిటర్‌గా ఆయన భయం న్యాయమే. అందుకే కొత్తవాళ్లని సృష్టించమన్నాడు. కెప్టెన్ ఆటమ్ నుంచి డాక్టర్ మన్‌హాటన్, క్వశ్చన్ నుంచి రోర్‌షాక్, పీస్‌మేకర్ నుంచి కమెడియన్ వచ్చారు. అంటే వీళ్లు పుట్టిందే ఒక కథకి ముగింపు ఉండాలి కాబట్టి. వాడిపారేయడానికి వీల్లేని పాత పాత్రలని కాపాడుకోవడానికి, ఒక్క కథలో పూర్తిగా ఖర్చైపోయే పాత్రలని చేయించారు. అలాంటివాళ్లని పాతికేళ్ల తరువాత మళ్లీ నెలనెలా వచ్చే పాత్రల వరసలో నిలబెట్టారు. అభిమానుల్లో ఒక వర్గం ఇప్పటికీ చల్లారకపోవడానికి కారణం ఇదే అని నా అభిప్రాయం.

ఎదుటి పక్షం వాదనల్లో బలమైనది ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. మూర్ కూడా ఇతరుల పాత్రలు వాడుకున్నవాడే కదా అన్నది. నిజమే. ఆయన రాసిన ‘లీగ్ ఆఫ్ ఎక్స్‌ట్రార్డినరీ జెంటిల్మెన్’ కామిక్ అంతా పాత నవలల్లోని మనుషులతోనే నిండి ఉంటుంది. ముందు కథలు రాసినవాళ్లలో ఒకడైన జె. మైఖేల్ స్ట్రాజిన్‌స్కీ ఈ మాటే గట్టిగా అన్నాడు. ఆ నవలాకారుల్లో చాలామంది ఎప్పుడో పోయారు, వాళ్లని అడిగే వీలు లేదు అన్నది మామూలు సమాధానం. నాకు అది చాలదు. నాకు సమాధానం దొరికింది కామిక్స్ రచయిత, ఎడిటర్ లెన్ వీన్ దగ్గర.

వీన్ పేరు ఈ కథలో రెండు చివరలా కనిపిస్తుంది. చిత్రకారుడు బెర్నీ రైట్‌సన్‌తో కలిసి స్వాంప్ థింగ్ అనే డీసీ పాత్రని సృష్టించింది ఆయన. 1983లో ఆ పాత్ర కామిక్‌కి ఎడిటర్‌గా ఉండి, ఇంగ్లండ్‌లో ఉన్న మూర్‌ని పిలిచి ఆ పాత్రని అప్పగించింది కూడా ఆయనే. మూర్ వచ్చీ రాగానే స్వాంప్ థింగ్ మూలకథనే తిరగేశాడు. మొక్కగా మారిన మనిషి కాదు, తాను మనిషిననుకుంటున్న మొక్క అన్నాడు. సృష్టికర్త పక్కనే ఉండి సరే అన్నాడు కాబట్టే అది సాధ్యమైంది. తరువాత వాచ్‌మెన్‌కీ మొదట ఎడిటర్ వీనే. 2012లో ముందు కథల వరస ‘బిఫోర్ వాచ్‌మెన్’ వచ్చినప్పుడు, అందులో వాచ్‌మెన్ పాత్రల్లో ఒకడైన ఓజిమాండియస్ కథ రాసిందీ ఆయనే. నాకు ఆయన మీద కోపం లేదు. తాను పుట్టించిన పాత్రలని ఇతరుల చేతుల్లో చూసుకుంటూ బతికిన తరం వాళ్లది. ఎక్స్-మెన్ కథల్లోని వుల్వరిన్‌ని పుట్టించినవాళ్లలో ఆయనా ఒకడు. ఆ తరానికి ఇది వృత్తిధర్మం. కానీ ఒకే మనిషి జీవితంలో ఈ రెండు సంఘటనలూ ఉన్నాయి కాబట్టి తేడా కళ్ళకి కడుతుంది. స్వాంప్ థింగ్‌ని కన్నవాడు అవును అన్నాడు. వాచ్‌మెన్‌ని రాసినవాడు కాదన్నాడు. 2012లో న్యూయార్క్ టైమ్స్‌తో మూర్ అన్నది, నాకు డబ్బు వద్దు, ఇది జరగకపోతే చాలు అని.

గిబ్బన్స్ మాట వేరుగా ఉంది, అది కూడా చెప్పాలి. తామిద్దరూ చెప్పాలనుకున్న కథ మొత్తం మూల సంచికల్లోనే ఉందని ఆయన అన్నాడు. కానీ డీసీ కారణాలనీ, కొత్త కళాకారులు తమ పనికి నివాళి ఇవ్వాలనుకోవడాన్నీ అర్థం చేసుకుంటానన్నాడు. ‘మూలకర్త దీవెన లేదు’ అని మనం అనేటప్పుడు ఇద్దరు కర్తలున్నారని మరిచిపోకూడదు. ఒకరు పూర్తిగా కాదన్నారు, ఒకరు అడ్డు చెప్పలేదు. ఇలాంటి చోట నేను కాదన్నవాడి మాటకే బరువిస్తాను.

మన దగ్గర ఈ మాట వస్తే వెంటనే ఎవరో ఒకరు రామాయణాలు ఎన్ని లేవు అంటారు. నేనైతే భారతం తీసుకుంటాను, అది ఇంకా దగ్గరి ఉదాహరణ. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆపేశాడు. తిక్కన విరాటపర్వం నుంచి 15 పర్వాలు రాశాడు. మిగిలిపోయిన అరణ్యపర్వ శేషాన్ని ఎర్రన పూర్తిచేశాడు. చేసి దాన్ని తన ప్రభువుకి కాక నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రుడికే అంకితం ఇచ్చాడు. నన్నయ శైలిలో మొదలుపెట్టి మెల్లగా తిక్కన శైలిలోకి నడిపించాడని పండితులు చెబుతారు. ఇది కొనసాగింపే, కానీ అసంపూర్తిగా ఉన్నదాన్ని పూర్తిచేసే కొనసాగింపు. అది వ్యాసుడి కథ, ఎవరి సొంతమూ కాదు, వద్దన్నవాడు ఎవడూ లేడు. వాచ్‌మెన్‌లో పూర్తిచేయాల్సిన శేషం లేదు, వద్దన్నవాడు బతికే ఉన్నాడు. కాబట్టి ఈ పోలిక తెచ్చేవాళ్లు తమకి తెలియకుండానే మూర్ పక్షాన వాదిస్తున్నారు.

చట్టం గురించి ఒక చిన్న మాట. మన 1957 కాపీరైట్ చట్టంలో 57వ సెక్షన్ ఉంది. హక్కులు అమ్మేసినా ఈ రచన నాది అని చెప్పుకునే హక్కూ, తన గౌరవానికి భంగం కలిగేలా దాన్ని వక్రీకరిస్తే అభ్యంతరం చెప్పే హక్కూ రచయితకి మిగిలే ఉంటాయి. అమెరికాలో కామిక్స్‌కి అంత రక్షణ లేదు. అలాగని ఆ రక్షణ ఉన్నచోట అంతా సజావుగా జరుగుతుందనీ కాదు. బెల్జియంలో గాస్తోఁ అనే పాత్రని సృష్టించిన ఫ్రాంకాఁ, తన తరువాత ఇంకెవరూ దాన్ని గీయకూడదని చెప్పి 1997లో పోయాడు. 2022లో ప్రచురణకర్తలు కొత్త ఆల్బమ్ ప్రకటించారు. కూతురు అడ్డుపడితే గొడవ మధ్యవర్తుల ముందుకి వెళ్లింది, తీర్పు ప్రచురణకర్తలవైపు వచ్చింది. 2023 నవంబర్‌లో పుస్తకం వచ్చేసింది.

ఇక ఆ కొత్త కథలు ఎలా ఉన్నాయంటారా? ‘బిఫోర్ వాచ్‌మెన్’లో డార్విన్ కుక్ రాసి గీసిన ‘మినిట్‌మెన్’ నిజంగా మంచి పని. ఆయన గీత, ఆ 1940ల వాతావరణం, రెండూ బాగా కుదిరాయి. మిగతావాటిలో ఒక్కటీ నాకు గుర్తుండిపోలేదు. 2019లో అమెరికన్ టీవీ ఛానెల్ హెచ్‌బీఓలో వచ్చిన 9 ఎపిసోడ్ల ‘వాచ్‌మెన్’ సిరీస్ చాలా గొప్పగా ఉంది. 1921లో టల్సాలో నల్లజాతివాళ్ల మీద జరిగిన ఊచకోతతో అది మొదలవుతుంది. అమెరికాలోనే చాలామందికి అప్పటిదాకా తెలియని చరిత్ర అది. దాని రచయిత డేమన్ లిండెలాఫ్, మూర్ వద్దంటున్నాడని తెలిసే చేస్తున్నానని అభిమానులకి బహిరంగంగా రాశాడు. సిరీస్ బాగుంది కాబట్టి చేసింది సరే అయిపోతుందని నేను అనుకోను. అయినా చూశాను, మళ్లీ చూస్తాను కూడా. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కావచ్చు.

నన్ను బాగా బాధపెట్టింది డీసీ తెచ్చిన తరువాతి కథ ‘డూమ్స్‌డే క్లాక్’. 2017 నుంచి 2019 దాకా 12 సంచికలుగా వచ్చింది, రచన జెఫ్ జాన్స్, బొమ్మలు గ్యారీ ఫ్రాంక్. బొమ్మలకి వంక పెట్టలేం. కానీ అది డాక్టర్ మన్‌హాటన్‌ని తీసుకొచ్చి సూపర్‌మ్యాన్ లోకంలో పెట్టింది. ఇంకో సంగతి ఉంది, మూలం చదవనివాళ్లు ఈ పేరా వదిలేయండి. వాచ్‌మెన్ ఆఖరి పేజీలో, కథలోని కుట్రని బయటపెట్టగల రోర్‌షాక్ డైరీ ఒక పత్రికాఫీసులో పడి ఉంటుంది. అక్కడి కుర్రాడి చెయ్యి దాని వైపు వెళ్తుంటుంది. తీస్తాడో లేదో, తీస్తే లోకం ఏమవుతుందో మూర్ చెప్పడు, మన చేతిలో పెట్టి వెళ్లిపోతాడు. మా స్నేహితుల మధ్య ఆ ఒక్క పేజీ మీద ఎన్ని రాత్రులు మాట్లాడుకున్నామో. డూమ్స్‌డే క్లాక్ మొదలవుతూనే దానికి జవాబు చెప్పేస్తుంది, కుట్ర బయటపడిపోయింది అని. హెచ్‌బీఓ సిరీస్ ఇంకో జవాబు చెబుతుంది, డైరీ అచ్చయింది కానీ ఎవరూ పెద్దగా నమ్మలేదు అని. ఒకే కంపెనీ కింద ఒకే ప్రశ్నకి రెండు జవాబులు. ఏదీ మూర్ జవాబు కాదు, ఆయన జవాబు ఇవ్వకపోవడమే ఆ కథ.

మీరు ఇంకా మూలం చదవకపోతే ముందు 12 సంచికల పుస్తకమే చదవండి. ఒకసారి కథ కోసం, ఇంకోసారి గిబ్బన్స్ పేజీల కోసం. తొమ్మిది గళ్ల పేజీని ఎక్కడ పాటించాడో, ఎక్కడ విడగొట్టాడో చూడండి. అయిదో సంచికలో పేజీలు మొదటి నుంచీ చివరి నుంచీ ఒకదానికొకటి అద్దంలోలా ఎదురవుతాయి, అది తప్పకుండా గమనించండి. చదివాక కొన్నాళ్లు ఆగి హెచ్‌బీఓ సిరీస్ చూడండి, కుదిరితే ‘మినిట్‌మెన్’ ఎవరి దగ్గరైనా అడిగి తీసుకోండి. నేను అలాగే చదివాను. కొత్తవి డబ్బు పెట్టి కొనకూడదన్నది నా నియమం. మీరు కొనాలనుకుంటే కొనండి, అందుకు మిమ్మల్ని నిజమైన అభిమాని కాదనే హక్కు నాకే కాదు, ఎవరికీ లేదు.