ముగ్గురికి ఏమీ కాలేదంటే ఆ డోసు సేఫ్ అన్నట్టేనా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నాన్నగారికి 61 ఏళ్లు, పెద్దపేగు క్యాన్సర్. రెండు రకాల కీమో పనిచేయలేదు. విశాఖలో డాక్టర్లు కొత్త మందు ఫేజ్ వన్ ట్రయల్‌లో (మనుషులపై మొదటి దశ పరీక్షలో) చేరమంటున్నారు. ‘కింది డోసులో ముగ్గురికీ ఏమీ కాలేదు, ఈయనకు దాని పై డోసు’ అన్నారు. ముగ్గురిని చూసి ఎలా నమ్మడం?

జవాబు: మీ అనుమానం సరైనదే. ముగ్గురూ బాగున్నారంటే ఇంకో మెట్టు ఎక్కి చూడొచ్చని, అంతే. దీన్ని ‘3+3’ పద్ధతి అంటారు. ముగ్గురికి ఒకే డోసు ఇచ్చి, మామూలుగా మూడు నాలుగు వారాలు గమనిస్తారు. ఎవరికీ తీవ్రమైన ఇబ్బంది రాకపోతే తర్వాతి ముగ్గురికి డోసు పెంచుతారు. ఒకరికి వస్తే అదే డోసు మరో ముగ్గురికి ఇచ్చి చూస్తారు. ఇద్దరికి వచ్చిందా, ఇక పెంచరు. తీవ్రం అంటే కాస్త వికారం, నీరసం కాదు. తెల్లకణాలు బాగా పడిపోయి జ్వరం రావడం లాంటివి.

ఇప్పుడు చిన్న లెక్క. ఒక డోసు వందలో 30 మందికి పడదనుకోండి. అయినా మొదటి ముగ్గురికీ ఏమీ కాకపోయే అవకాశం దాదాపు 34 శాతం. రెండో ముగ్గురినీ కలిపి చూస్తే, ఆ డోసు ఇంచుమించు సగం సార్లు ఈ పరీక్ష గట్టెక్కేస్తుంది! 1990లో వచ్చిన సీఆర్ఎం పద్ధతిలో ఒక్కో పేషెంటు ఫలితం రాగానే అన్ని డోసుల రిస్కునూ కంప్యూటర్ మళ్లీ అంచనా వేస్తుంది. నా ఓటు దానికే. కానీ 3+3కి కాగితం, పెన్ను చాలు కాబట్టి ఇప్పటికీ అదే ఎక్కువ నడుస్తోంది.

ఇంకో మాట, కాస్త కష్టంగా ఉన్నా చెప్పాలి. ఫేజ్ వన్ ముఖ్యంగా డోసు తేల్చడానికి. కణితి తగ్గితే అదృష్టమే, ఆ ఆశతోనే చేరొద్దు.

నాన్నగారిది ఎన్నో డోసు, కింది డోసుల్లో ఎవరికేమైందో అడగండి. మందు వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయాలని మన దేశపు క్లినికల్ ట్రయల్స్ 2019 నిబంధనల్లో ఉంది. ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో ఒడియా చదివినవాళ్లు మీ వైపు చాలామంది. నాన్నగారు ఏది చదవగలరో ఆ భాషలోనే అంగీకార పత్రం ఇమ్మనండి. సంతకం చేశాక కూడా ఎప్పుడైనా మానేయొచ్చు.

మొదటి నెల మాత్రం విశాఖలోనే గది తీసుకోండి. అర్ధరాత్రి 101 జ్వరం వస్తే పర్లాకిమిడి నుంచి బండి మాట్లాడుకుని బయల్దేరేంత టైమ్ ఉండకపోవచ్చు.