తాగి తెచ్చుకున్న జబ్బుకు వైద్యం పొందే హక్కు ఉండదా?

ప్రశ్న: మా వారికి 46 ఏళ్లు. తాపీ మేస్త్రీ. చాలాకాలంగా మద్యం అలవాటు ఉంది. ఒక రాత్రి రక్తపు వాంతులయితే 108లో ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాం. ‘తాగి తెచ్చుకున్న రోగానికి ఇక్కడ బెడ్డు లేదు’ అని పంపేశారు. ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చి, అప్పు చేసి బిల్లు కట్టాం. ఆరేళ్లుగా ప్రీమియం తీసుకుంటున్న ఆరోగ్య బీమా కంపెనీ, కాలేయ జబ్బు మద్యం వల్ల వచ్చిందంటూ క్లెయిమ్ తిరస్కరించింది. ‘తాగుబోతులకు జనం సొమ్ముతో వైద్యం ఎందుకు?’ అంటున్నాడు మా మరిది. చట్టం కూడా ఇదే చెబుతుందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: చెప్పదమ్మా. ముందు మీ మరిదిగారి మాట తీసుకుందాం. మీ వారు కొన్న ప్రతి సీసా మీదా ప్రభుత్వం పన్ను వసూలు చేసుకుంది. ఆ జనం సొమ్ములో ఆయనదీ ఉంది. అయినా చట్టం ఈ లెక్కలోకి వెళ్లదు. రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కుకు మంచి అలవాట్ల షరతు లేదు. ప్రమాదంలోనో ప్రాణాపాయంలోనో ఉన్న మనిషిని కాపాడటం ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా ప్రతి డాక్టరు బాధ్యతని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో చెప్పింది. పశ్చిమ బెంగాల్‌లో రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన కూలీని బెడ్లు లేవంటూ ప్రభుత్వాసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి తిప్పి పంపాయి. 1996లో ఆ కేసులో కోర్టు దీన్ని 21వ అధికరణం ఉల్లంఘనగా తేల్చి 25 వేల రూపాయల పరిహారం ఇప్పించింది. రక్తపు వాంతులు అత్యవసర పరిస్థితి కాదని ఏ డాక్టరూ వాదించలేరు.

చాలామందికి తెలియని సంగతి మరొకటి ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా జబ్బుల్లోనే చేర్చింది. మీ వారికి తాగుడు మాన్పించే చికిత్స అవసరమైతే ప్రభుత్వాసుపత్రిలో దాన్ని హక్కుగా అడగవచ్చు.

ఆసుపత్రి మీద ఫిర్యాదు సూపరింటెండెంట్‌కు, జిల్లా వైద్యాధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కూ రాయవచ్చు. అక్కడ అందరికీ ఉచితంగానే వైద్యం చేస్తారు కాబట్టి ఆ ఆసుపత్రి మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే వీలు మాత్రం లేదు. ఆ రాత్రి ఓపీ చీటీ రాసి ఇచ్చారా? ఇవ్వకపోతే, మిమ్మల్ని అక్కడ దింపినట్టు 108 వాళ్ల రికార్డులో ఉంటుంది, దాన్ని ఆధారంగా చూపండి.

బీమా సంగతి వేరు. అది ఒప్పందం. పాలసీ వెనక సన్న అక్షరాల్లో మద్యపానం, దాని పర్యవసానాలకు చేసే చికిత్స వర్తించదనే మినహాయింపు ఉంటుంది. ఇది బీమా నియంత్రణ సంస్థ అనుమతించినదే. ఐదేళ్లు దాటాక ‘మీరు అలవాటు దాచారు’ అని కంపెనీ అనడానికి వీల్లేదు, మోసాన్ని రుజువు చేస్తే తప్ప. మీకు ఆరేళ్లు నిండాయి గనుక ఆ భయం దాదాపు లేదు. కానీ ఐదేళ్లు దాటినంత మాత్రాన ఈ మినహాయింపు చెరిగిపోదు.

ఇక మీకున్న బలమంతా రుజువు దగ్గరే. మినహాయింపు కిందికి వస్తుందని నిరూపించాల్సింది కంపెనీ. వాళ్లు సాధారణంగా చూపేది కేస్ షీట్‌లోని ఒక్క వాక్యం: ‘ఇరవై ఏళ్లుగా మద్యం అలవాటు’. అర్ధరాత్రి డ్యూటీ డాక్టరు అడిగితే వెంట వచ్చిన ఎవరో కంగారులో చెప్పిన మాట అది. అలవాటు ఉందని రాయడం ఒకటి, జబ్బుకు కారణం అదేనని తేల్చడం మరొకటి. హెపటైటిస్ బి, సి వల్ల, మధుమేహంతో వచ్చే కొవ్వు కాలేయం వల్ల కూడా సిర్రోసిస్ (కాలేయం గట్టిపడి పాడయ్యే జబ్బు) వస్తుంది. ఆ పరీక్షలు చేశారా, ఫలితం ఏమిటి అని చికిత్స చేసిన డాక్టరును అడిగి, ఆయన అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోండి. ఉన్నది ఉన్నట్టే రాయించండి. మార్చి రాయమని బతిమాలవద్దు, కంపెనీ విచారణలో అది బయటపడితే ఉన్న కేసూ పోతుంది. పరీక్షలన్నీ చేసి డిశ్చార్జి సమ్మరీలో ‘మద్యం వల్ల వచ్చిన సిర్రోసిస్’ అని స్పష్టంగా రాసి ఉంటే, మొహమాటం లేకుండా చెబుతున్నా, మీ క్లెయిమ్ గెలవడం కష్టం.

ముందుముందు కాలేయ మార్పిడి అవసరమైతే, కొన్ని నెలలు మద్యం మానేసినట్టు చూపమని డాక్టర్లు అడగవచ్చు. దాన్ని వివక్ష అనుకోకండి. కొత్త కాలేయం నిలవాలన్న వైద్య కారణంతో పెట్టే షరతు అది.

చికిత్స చేసిన ప్రైవేటు ఆసుపత్రికి రికార్డుల కోసం ఈ వారమే దరఖాస్తు పెట్టండి. అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డుల నకళ్లు ఇవ్వాలని డాక్టర్ల నియమావళి చెబుతోంది. వాటిని జతచేసి కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ (బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారి) దగ్గరికి వెళ్లండి. రుసుము లేదు, లాయరూ అక్కర్లేదు. నిజానికి అక్కడ మా లాయర్లను రానివ్వరు, మీరే మాట్లాడాలి. దీనికి గడువు ఏడాది. జిల్లా వినియోగదారుల కమిషన్‌కైతే తిరస్కరణ నాటి నుంచి రెండేళ్లు.