బ్రౌజర్ మొరాయిస్తే... ఫార్మాట్ ఒక్కటే దారి కాదు

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన టీచర్ని. రోజంతా ఫోన్‌లో 'మీ ఫోన్‌లో వైరస్‌లు ఉన్నాయి, వెంటనే తొలగించండి' అని ఎర్ర గుర్తుతో మెసేజ్‌లు వస్తున్నాయి. మనవడు యాంటీవైరస్ వేశాడు, ఆగలేదు. ఫార్మాట్ చేయాలంటున్నారు షాపులో. ఫొటోలు పోతాయేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఫార్మాట్ అక్కర్లేదు మాస్టారూ, ఫొటోలు భద్రంగానే ఉంటాయి. ఈసారి ఆ మెసేజ్ వచ్చినప్పుడు దాన్ని తెరవకుండా, పైన చిన్న అక్షరాల్లో ఏముందో చదవండి. 'క్రోమ్' అని, పక్కనో కిందో ఏదో వింత వెబ్‌సైట్ పేరు కనిపిస్తుంది. అలా ఉంటే అది వైరస్ కాదు, ఆ సైట్ పంపుతున్న ప్రకటన. ఎప్పుడో సీరియల్ చూద్దామనో, పాట దించుకుందామనో ఒక సైట్‌లోకి వెళ్లి ఉంటారు. 'మీరు రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి' అని అడిగి ఉంటుంది. అది పచ్చి అబద్ధం. రోబో కాదని తేల్చుకోవడానికి నోటిఫికేషన్ల అనుమతి అవసరమే లేదు. మీరు నొక్కిన ఆ అలౌ వల్లే ఇదంతా. అనుమతి ఇచ్చి పంపించుకుంటున్న దాన్ని యాంటీవైరస్ ఎలా ఆపుతుంది? అందుకే మనవడి ప్రయత్నం ఫలించలేదు.

క్రోమ్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో 'సైట్ సెట్టింగ్స్', అందులో 'నోటిఫికేషన్స్'కు వెళ్లండి. మీరు అనుమతి ఇచ్చిన సైట్ల జాబితా ఉంటుంది. ముక్కూమొహం తెలియని పేర్లన్నిటినీ ఒక్కొక్కటిగా నొక్కి బ్లాక్ చేయండి. మీకు ఏ సైట్ నుంచీ నోటిఫికేషన్లు అక్కర్లేదనుకుంటే పైనున్న స్విచ్ ఆపేయండి, ఇకపై ఏ సైటూ అడగదు కూడా.

ఒక్క విషయం మాత్రం గుర్తు తెచ్చుకోండి. ఆ మెసేజ్ నొక్కి ఏదైనా 'క్లీనర్' యాప్ వేసుకున్నారా? వేసుకుంటే ముందు దాన్ని తీసేయండి. కార్డు వివరాలో, ఓటీపీయో ఇచ్చి ఉంటే ఆలస్యం చేయకుండా బ్యాంకుకూ, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చేయండి.

కోదాడలో మా నెట్ సెంటర్‌కు పెద్దవాళ్లు ఇదే బాధతో వస్తుంటారు. రెండు నిమిషాల పనికి ఫోన్ మొత్తం తుడిచేసి డబ్బు తీసుకోవడం అన్యాయం. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

ప్రశ్న: అక్కా, మా ఫొటో స్టూడియోలోని డెస్క్‌టాప్‌లో ఏ సైట్ తెరిచినా 'యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్' అంటోంది. అదే వైఫైతో ఫోన్‌లో అన్నీ వస్తున్నాయి. విండోస్ 7 సిస్టమ్. నెట్ మార్చాలా?
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: నెట్ బాగానే ఉంది తమ్ముడూ. స్క్రీన్ కింద కుడి మూలన తేదీ చూడు. ఏళ్ల వెనక్కి వెళ్లి ఉంటుందని నా అనుమానం. ప్రతి సైట్‌కూ, అది అసలైనదేనని చెప్పే ఒక సర్టిఫికెట్ ఉంటుంది, దానికి ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు అని గడువు ఉంటుంది. బ్రౌజర్ ఆ గడువును నీ కంప్యూటర్ తేదీతో పోల్చి చూస్తుంది. తేదీ తప్పయితే మంచి సైట్ కూడా దానికి దొంగ సైట్‌లాగే కనిపిస్తుంది. ఎర్రర్ చివర 'డేట్ ఇన్‌వాలిడ్' అని ఉంటే ఇక సందేహమే లేదు.

తేదీ, టైమ్ సరిచేయి. సైట్లు వెంటనే తెరుచుకుంటాయి. రాత్రి స్విచ్ ఆపి, పొద్దున వేసేసరికి తేదీ మళ్లీ వెనక్కి పోయిందా? మదర్‌బోర్డు (లోపలి ప్రధాన బోర్డు) మీద తేదీని నిలిపే సెల్ అయిపోయినట్టే. ప్లగ్ తీసేసి క్యాబినెట్ పక్క మూత తెరిస్తే రూపాయి బిళ్ల సైజులో తళతళలాడుతూ కనిపిస్తుంది. చాలావరకు సీఆర్2032 అనే 3 వోల్టుల సెల్ ఉంటుంది, పాతదాని మీద నంబర్ చూసి అదే కొను. పక్కనున్న చిన్న క్లిప్పును గోటితో నొక్కితే పైకి లేస్తుంది. కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టి, తేదీ మరోసారి సరిచేసుకో.

తేదీ సరిగ్గానే ఉండి ఒక్క సైట్‌కే ఈ హెచ్చరిక వస్తే అది వేరే సంగతి. ముఖ్యంగా బ్యాంకు పేజీ అయితే 'అడ్వాన్స్‌డ్' నొక్కి లోపలికి వెళ్లకు.

విండోస్ 7కు క్రోమ్ బ్రౌజర్ 109వ వెర్షన్‌తోనే ఆగిపోయింది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 నుంచి విండోస్ 10 గానీ, ఆపైది గానీ ఉండాల్సిందే. ఫొటోలు దిద్దుకోవడానికి ఆ సిస్టమ్ పనికొస్తుంది. కొత్త వెర్షన్లు రావు కాబట్టి డబ్బు లావాదేవీలు మాత్రం దాంట్లో పెట్టుకోవద్దు.

ప్రశ్న: అక్కా, పరీక్ష ఫీజు కట్టాను, డబ్బు కట్ అయింది, రసీదు పేజీ మాత్రం తెరుచుకోలేదు. ఫ్రెండ్ హిస్టరీ అంతా క్లియర్ చేయమంటోంది. ఇంకోసారి కట్టాలా?
– ఒక విద్యార్థిని, కర్నూలు

జవాబు: వద్దమ్మా, మళ్లీ కట్టకు. బ్యాంకు ఎస్సెమ్మెస్‌లోని ట్రాన్సాక్షన్ నంబర్ ముందు రాసి పెట్టుకో. రసీదులు చాలాసార్లు కొత్త కిటికీలో తెరుచుకుంటాయి, బ్రౌజర్ దాన్ని పాప్-అప్ అనుకుని ఆపేస్తుంది. ఆ సైట్‌లో మళ్లీ లాగిన్ అయి, రసీదు బటన్ నొక్కి, అడ్రస్ బార్ కుడి చివర చూడు. పాప్-అప్ ఆపినట్టు చిన్న గుర్తు వస్తే దాన్ని నొక్కి ఆ సైట్‌కు అనుమతి ఇవ్వు.

అప్పటికీ రాకపోతే క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎన్ కలిపి నొక్కి ఇన్‌కాగ్నిటోలో, అంటే పాత కుకీలు వాడని విడి కిటికీలో ప్రయత్నించు. అక్కడ వస్తే తప్పు ఏదో ఎక్స్‌టెన్షన్‌ది (బ్రౌజర్‌కు తగిలించుకున్న అదనపు ప్రోగ్రామ్) గానీ, పాత కుకీలది (సైట్ నీ బ్రౌజర్‌లో దాచుకునే చిన్న సమాచారం) గానీ అయి ఉంటుంది. ఆ ఒక్క సైట్ కుకీలు తీసేస్తే చాలు. అడ్రస్ బార్ ఎడమ చివరి గుర్తు నొక్కితే ఆ ఆప్షన్ దొరుకుతుంది. అంతా క్లియర్ చేసే తొందరలో 'పాస్‌వర్డ్స్' గడిలో టిక్ పెట్టావనుకో, సింక్ (ఒకే ఖాతాతో ఫోన్, కంప్యూటర్ కలిసి ఉండడం) ఆన్‌లో ఉంటే ఫోన్‌లో సేవ్ చేసుకున్నవీ పోతాయి.

రసీదు తెరుచుకోగానే కంట్రోల్, పీ నొక్కి, ప్రింటర్ పేరు ఉండే చోట 'సేవ్ యాజ్ పీడీఎఫ్' ఎంచుకుని దాచుకో. హాల్ టికెట్ వేళకు అడిగితే చూపించవచ్చు.