గుర్తు చూసే ముందు బొమ్మను చూడు

చి. స్వాతికి మామయ్య ఆశీస్సులు.

అక్కడ అమెరికాలో ఎస్టేట్ సేల్స్‌లో, అంటే ఇంట్లోని సామానంతా అమ్మేసే చోట, పాత పింగాణీ బొమ్మలు కొంటున్నావని తెలిసి చాలా సంతోషం. అయితే నువ్వు పంపిన ఫోటోలన్నీ అడుగున తయారీదారు వేసిన గుర్తువే. ముందు బొమ్మను చూడమ్మా. గుర్తు ఎవరైనా వేసేస్తారు, పనితనం అంత తేలిగ్గా రాదు. వేళ్లు విడివిడిగా ఉన్నాయా, కనుబొమలు సన్నటి కుంచెతో గీశారా, వీపు వైపు కూడా అంతే శ్రద్ధగా రంగులు వేశారా చూడు. ఆ తర్వాతే తిప్పు. తలో చెయ్యో పట్టుకుని ఎత్తొద్దు, పీఠం కింద అరచెయ్యి పెట్టు.

నువ్వు అడిగిన ఆ నీలి రంగు అడ్డకత్తుల గుర్తు మైసెన్ వాళ్లది. జర్మనీలో 1710లో మొదలైన పింగాణీ ఫ్యాక్టరీ అది. కత్తులు 1720ల నుంచి వేస్తున్నారు. దీన్ని కాపీ కొట్టినవాళ్లకు లెక్కలేదు. 19వ శతాబ్దంలో పారిస్‌లో శాంసన్ అనే సంస్థ వాళ్లు పాత మైసెన్ బొమ్మలకు నకళ్లు చేసి, చూడగానే అవే అనిపించే గుర్తులు వేశారు. అందుకే గోటితో మెల్లగా రాసి చూడు. గ్లేజు, అంటే పైనుండే గాజులాంటి పూత, దాని కింద వేసిన గుర్తు గోటికి తగలదు, నున్నగా ఉంటుంది. పైన వేసిందైతే కాస్త ఎత్తుగా తగులుతుంది, అప్పుడు అనుమానించాల్సిందే. కత్తుల మీదుగా గీత కోసి ఉంటే, అది చాలావరకు లోపం ఉందని ఫ్యాక్టరీయే రెండో రకంలో వేసిన సరుకు. అప్పుడు ధర తగ్గించమని అడుగు. ఇంకో సంగతి, 18వ శతాబ్దపు బొమ్మల్లో చాలావాటికి గుర్తే ఉండదు. ఉన్నా పీఠం వెనక అంచున చిన్నగా ఉంటుంది. గుర్తు లేదని మంచి బొమ్మను వదిలెయ్యకు.

దేశం పేరు కూడా చూడు. అమెరికాకు వచ్చే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలన్న చట్టం 1891లో అమల్లోకి వచ్చింది. కాబట్టి అడుగున ఇంగ్లీషులో 'జర్మనీ' అని ఉన్న బొమ్మను 1850 నాటిదని అమ్మజూపితే నమ్మకు. అలాగని పేరు లేనంత మాత్రాన పాతదీ కాదు. కొన్నిటికి కాగితం లేబుల్ అంటించేవారు, అది ఊడిపోతుంది. 'ఆక్యుపైడ్ జపాన్' అని ఉంటే రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, 1952 లోపలిది.

జర్మనీకి చెందిన గోబెల్ కంపెనీ వాళ్లు చేసిన 'హమ్మెల్' అనే చిన్నపిల్లల బొమ్మల దగ్గర చాలామంది ఒకచోట పొరబడతారు. అడుగున చెక్కి ఉన్న సంవత్సరం అచ్చు తయారైనది, బొమ్మ తయారైనది కాదు. కాలం తేల్చేది అడుగున ఉన్న కంపెనీ ముద్రే. 1935 నుంచి కిరీటం, 1950 నుంచి 'వి' అక్షరంలో తేనెటీగ.

ఈసారి హైదరాబాద్ వచ్చినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ పింగాణీ దగ్గర ఒక పూట గడుపుదాం. అసలైన పని ఎలా ఉంటుందో కంటికి అలవాటు కావాలి.

ఈలోగా ఏదైనా కొనేముందు నాకు నాలుగు ఫోటోలు పంపు: ముందు, వెనక, మొత్తం అడుగు భాగం, పక్క నుంచి టార్చి వేసి తీసిన గుర్తు. చూసి వెంటనే ఫోన్ చేస్తాను.

మామయ్య