బ్యాటరీ షెడ్డున్న జాగాలో కూరగాయలు పెంచొచ్చా?

ప్రశ్న: మాది నల్లగొండ. మా కాలనీ పక్క ఖాళీ జాగాలో చాలా ఏళ్లు బ్యాటరీలు రిపేరు చేసే షెడ్డు ఉండేది. అది పోయాక చెత్త పోసి తగలబెట్టేవాళ్లు. ఇప్పుడు అంతా శుభ్రం చేసి, కాలనీ ఆడవాళ్లం కలిసి కూరగాయలు పెట్టాలనుకుంటున్నాం. మట్టి నల్లగా బాగానే ఉంది. కానీ నాలుగేళ్ల మా మనవడు అక్కడే ఆడతాడు, అప్పుడప్పుడు మట్టి తింటాడు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, తోట సంగతి తర్వాత. ముందు బాబును ఆ జాగాలోకి పోనివ్వకండి.

బ్యాటరీలో ఉండేవి సీసం పలకలు. వాటిని విప్పినప్పుడు రాలిన పొడి ఏళ్లు గడిచినా పోదు, పై మట్టిలోనే ఉండిపోతుంది. కంటికి కనబడదు, వాసన రాదు. సాయంత్రం బాబు గోళ్లు చూడండి. వాటిలో ఇరుక్కున్న మట్టి అన్నం ముద్దతో పాటు కడుపులోకి పోతుంది. పెద్దలకంటే చిన్నపిల్లల ఒళ్లు సీసాన్ని నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటుంది.

నన్ను ఎక్కువ భయపెట్టేది ఇంకొకటి. మట్టి తినే పిల్లల్లో చాలామందికి ఐరన్ తక్కువ ఉంటుంది. ఐరన్ తక్కువుంటే సీసం ఇంకా ఎక్కువ ఒంటికి పడుతుంది, ఆ సీసం మళ్లీ రక్తాన్ని తగ్గిస్తుంది. అందుకే పిల్లల డాక్టరుకు చూపించి, హిమోగ్లోబిన్‌తో పాటు రక్తంలో సీసం పరీక్ష కూడా రాయించుకోండి. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంతవరకు ఫరవాలేదు అనే హద్దు మాత్రం లేదు. బాగానే ఆడుతున్నాడు కదా అని వాయిదా వేయొద్దు, చాలామందిలో లక్షణాలే కనబడవు.

ఇక మట్టి. ప్రభుత్వం మట్టి పరీక్ష చేసి ఇచ్చే సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలు ఉంటాయి, వాటిలో సీసం లేదు. కాబట్టి ల్యాబులో ‘సీసం, క్యాడ్మియం చూడండి’ అని విడిగా అడగాలి (క్యాడ్మియం కూడా సీసంలాగే విషపు లోహం). షెడ్డున్న చోటు, చెత్త కాల్చిన చోటు వేర్వేరు సంచుల్లో ఇవ్వండి, అన్నీ కలిపేస్తే చెడ్డ చోటు దాగిపోతుంది. పిల్లలు ఆడే ఇళ్ల మట్టికి అమెరికా 2024లో సీసం హెచ్చరిక హద్దును కిలోకు 400 నుంచి 200 మిల్లీగ్రాములకు దించింది. మీ రిపోర్టులో సీసం అంకె 200 కంటే ఎక్కువుంటే ఆ నేలలో నేరుగా ఏదీ నాటకండి.

అంతమాత్రాన తోట ఆశ వదులుకోనక్కర్లేదు. పాత నేలను తవ్వకుండా, పైన నీరు ఇంకే మందపాటి గుడ్డ పరిచి, ఇటుకలతో అడుగున్నర ఎత్తు మడులు కట్టి బయటి మట్టి, పశువుల ఎరువు నింపండి. చెరువు పూడిక మట్టి మంచిదే, ఊరి మురుగు కలిసే చెరువుది మాత్రం వద్దు. మడుల మధ్య నడిచే దారిలో కంకర పోయండి, దుమ్ము లేవకూడదు.

టమాట, వంకాయ, బెండ, బీర, చిక్కుడు మేలు, కాయల్లోకి సీసం చాలా తక్కువ చేరుతుంది. పుంటికూర, తోటకూర, కొత్తిమీర, ముల్లంగి కొత్త మట్టి మడుల్లోనే వేయండి. ఆకుకు అంటిన మట్టే పెద్ద సమస్య కాబట్టి రెండు మూడు నీళ్లు మార్చి కడగాలి. ఉడికిస్తే సీసం పోదు.

మన జిల్లా బోర్లలో ఫ్లోరైడ్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. తోటలో బోరు నీళ్లు పిల్లలు తాగకుండా పక్కన మిషన్ భగీరథ నీళ్ల బిందె పెట్టండి. తోటలో వేసుకునే చెప్పులు గేటు దగ్గరే వదలండి, ఇంట్లోకి తేవద్దు.

బాబు రిపోర్టు వచ్చాక అంకెలతో సహా మళ్లీ రాయండి.