లమ్వాన్యో వంశం: న్యాయపీఠం నుంచి గిలెటిన్ దాకా

ప్రశ్న: ఫ్రాన్స్‌లో తరతరాలుగా న్యాయమూర్తులుగా, ఉన్నతాధికారులుగా పేరొందిన లమ్వాన్యో కుటుంబం గురించి తెలుపగలరా?

జవాబు: 1658లో గియోమ్ ద లమ్వాన్యో పారిస్ ‘పార్లమా’కు (అది చట్టసభ కాదు, ఉన్నత న్యాయస్థానం) ప్రథమాధ్యక్షుడయ్యారు. ఆయన మనుమడు 1750లో ఛాన్సలర్ (రాజు కింద న్యాయవ్యవస్థకు అధిపతి) అయ్యారు. అయితే ఈ వంశంలో నాకు అందరికన్నా గొప్పగా తోచేది ఆ ఛాన్సలర్ కుమారుడు మాల్జెర్బ్. పుస్తకాలకు అనుమతులిచ్చే అధికారిగా ఉంటూనే, రచయిత దిదెరో సంపాదకత్వంలోని విజ్ఞానసర్వస్వపు రాతప్రతులు జప్తు కాబోతున్నప్పుడు ఆయన వాటిని తన ఇంట్లోనే దాయించారని చెబుతారు. 1792లో, డెబ్భై దాటిన వయసులో, ప్రాణభయం ఎదురుగా ఉన్నా, ఫ్రెంచి విప్లవంలో పదవి కోల్పోయి విచారణ ఎదుర్కొంటున్న రాజు 16వ లూయీ తరఫున వాదించడానికి తానే ముందుకు వచ్చారు. 1794 ఏప్రిల్ 22న ఆయనతోపాటు కుమార్తెనూ, మనుమరాలినీ, ఆమె భర్తనూ తల నరికే యంత్రమైన గిలెటిన్‌కు బలి ఇచ్చారు. ప్రాణాలతో మిగిలిన మరో మనుమరాలి కుమారుడే ‘అమెరికాలో ప్రజాస్వామ్యం’ గ్రంథకర్త అలెక్సిస్ ద తోక్విల్. ఆయనా న్యాయశాఖలోనే ఉద్యోగం ప్రారంభించి, 1849లో విదేశాంగ మంత్రి అయ్యారు.