అనంతపురంలో చిన్న కిరాణా కొట్టు ఉంది, ఎండాకాలం చలివేంద్రం పెట్టాలంటే ఎలా?

ఉగాది నుంచి వానలు పడేదాకా నడపగలిగితేనే పెట్టండి. ఎండన పడి వచ్చినవాళ్లకు ఖాళీ కుండ కనిపిస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

20 లీటర్ల క్యాను సుమారు నూరు గ్లాసులు. మన దగ్గర చాలా బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి శుద్ధి చేసిన నీళ్లే పోయండి.

కొత్త కుండను రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోయండి. కింద తడి ఇసుక, చుట్టూ తడి గోనెసంచి ఉండాలి. కుండ పైకి ఊరిన తేమ ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది, అందుకే నీడ ఒక్కటే చాలదు, గాలి ఆడాలి. గోనె తడిపేది బోరునీళ్లయితే కొన్నాళ్లకు కుండ మీద తెల్లటి ఉప్పు పేరుకుని రంధ్రాలు మూసుకుపోతాయి, ఇక నీళ్లు చల్లబడవు. కొబ్బరిపీచుతో రుద్ది కడగండి. సబ్బు వద్దు, మట్టి ఆ వాసన పీల్చుకుంటుంది.

అన్నిటికన్నా ముఖ్యం: ఎవరినీ గ్లాసు ముంచనివ్వకండి. కొళాయి ఉన్న కుండ కొనండి, లేదా పొడవాటి కాడ గరిటెతో మీరే పోయండి. రోజూ రాత్రి కుండ బోర్లించి ఆరబెట్టండి.

మజ్జిగకు లీటరు పెరుగుకు నాలుగు లీటర్ల నీళ్లు. ఉదయం చిలికింది మధ్యాహ్నానికి పులుస్తుంది, రెండు విడతలుగా చేయండి. మిగిలింది కొత్తదాంట్లో కలపొద్దు.